ఆ అరగంట ఎవరిది?

2025 నవంబరు 27, గురువారం ఉదయం ఆరున్నరకు మీరేం చేస్తున్నారో నేను చెప్పగలను. ఒక పొయ్యి మీద ఇడ్లీ పాత్ర, ఇంకో పొయ్యి మీద పప్పుచారు, ఒక కన్ను గడియారం మీద, ఇంకో కన్ను స్కూలు బస్సు వచ్చే వీధి మలుపు మీద. సరిగ్గా ఆ నిమిషానికే ప్రపంచమంతా ఎదురుచూసిన ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్, 'స్ట్రేంజర్ థింగ్స్' చివరి సీజన్ మొదటి భాగం, మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఆఖరి ఎపిసోడ్ సంగతి మరీ విచిత్రం. 2026 జనవరి 1న ఉదయం ఆరున్నరకు వచ్చింది. కొత్త సంవత్సరం ముగ్గు వాకిట్లో ఇంకా సగంలో ఉండే వేళ అది.

ఆ వేళను మనల్ని తలచుకుని ఎవరూ పెట్టలేదు. అమెరికా పడమటి ఒడ్డున అప్పటికి ముందు రోజు సాయంత్రం ఐదు గంటలు. వాళ్ళకి పని ముగిసే వేళ, మనకి పని మొదలయ్యే వేళ. ఇందుకు ఎవర్నీ తిట్టాల్సిన పన్లేదు. భూమి గుండ్రంగా ఉంటే ఎవరేం చేస్తారు? కానీ ఈ చిన్న సంగతి వెనక పెద్ద సంగతి ఒకటుంది. టీవీలో ఏం వస్తోంది, అందులో మంచెంత, చెడెంత అని మనం గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఏ వేళకు వస్తోంది అన్నదాని మీద మాత్రం మాట్లాడుకోం. నిజానికి ఒక కార్యక్రమాన్ని ఎవరు చూడాలి, ఎవరికి చూసే యోగం లేదు అని తేల్చేది ఆ వేళే. అంతరిక్షం, యంత్రాలు, రేపటి లోకం గురించిన కథలకు ఇచ్చిన వేళల్లో మన ఆడపిల్లలు ఎక్కువగా వంటింట్లోనే ఉండిపోయారు. అది ఎలా జరిగిందో, ఇప్పుడు ఏం చెయ్యొచ్చో కాస్త తీరిగ్గా చూద్దాం.

శుక్రవారం రాత్రి పది గంటలు

సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళ పెద్దక్క 'స్టార్ ట్రెక్'. అంతరిక్ష నౌకలో ఊరూరా, అంటే గ్రహం గ్రహం, తిరిగే కథ. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో 1966 సెప్టెంబరు 8న మొదలైంది. దాన్ని తీసిన డెసిలూ స్టూడియోను అప్పట్లో నడుపుతున్నది ఒక ఆడమనిషి. హాస్యనటిగా అమెరికా ఇంటింటికీ తెలిసిన లూసిల్ బాల్. ఖర్చు ఎక్కువ, మనకెందుకని బోర్డు సభ్యులు వెనక్కి లాగితే, తియ్యాల్సిందేనని నిలబడింది ఆవిడ. అందులో ఎన్నో కథలు రాసిన డి.సి. ఫాంటానా కూడా స్త్రీయే. పూర్తి పేరు డొరొతీ. ఆడపేరు కనిపిస్తే రాతను తక్కువగా చూస్తారని పొడి అక్షరాలతో నెట్టుకొచ్చింది. మనలో కథలు రాసుకునేవాళ్ళకి ఈ బాధ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మొదటి ఏడాది గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు వేశారు. రెండో ఏడాది శుక్రవారానికి మార్చారు. చూసేవాళ్ళ లెక్కలు బాగా లేవు, ఇక తీసేస్తారు అన్న మాట పుట్టింది. అప్పుడు బ్జో ట్రింబుల్ అనే గృహిణి, భర్త జాన్‌తో కలిసి ఉత్తరాల ఉద్యమం లేవదీసింది. పద్ధతి చాలా సులువు. మీరొక ఉత్తరం రాయండి, ఇంకో పదిమందికి చెప్పి రాయించండి, ఆ పదిమందినీ తలా పదిమందికి చెప్పమనండి. మన ఊళ్ళల్లో ఒకప్పుడు దేవుడి పేరు మీద పోస్టుకార్డులు వచ్చేవి, గుర్తుందా? పదిమందికి రాయకపోతే నష్టం జరుగుతుందని బెదిరించేవి. ఆ గొలుసు పద్ధతే ఇది, బెదిరింపు ఒక్కటే లేదు. ఛానల్‌కు లక్షా పదివేలకు పైగా ఉత్తరాలు చేరాయి. 1968 మార్చి 1న ఎపిసోడ్ అయిపోగానే ఛానల్ వాళ్ళు తెర మీదే చెప్పుకున్నారు, సీరియల్ ఉంటుందని. అంతటితో ఆగారా? ధన్యవాదాలు చెబుతూ మళ్ళీ ఉత్తరాలు రాశారు జనం.

కానీ ఛానళ్ళ వాళ్ళు మనకంటే గడుసువాళ్ళు. తీసెయ్యమని మాటిచ్చారు, వేళ మాత్రం మార్చేశారు. ముందు సోమవారం సాయంత్రం ఏడున్నర అన్నది కాస్తా శుక్రవారం రాత్రి పది అయింది. ఆ సీరియల్ని ప్రాణంగా చూసే కాలేజీ పిల్లలు శుక్రవారం రాత్రి ఇళ్ళలో ఉండరు. చిన్నపిల్లలు అప్పటికే నిద్రపోతారు. పొమ్మనకుండా పొగబెట్టడం అంటే ఇదే. 79 ఎపిసోడ్లు పూర్తయ్యాక 1969లో సీరియల్ ఆగిపోయింది.

సద్ది సంగటి రుచి

ఆగిపోయిన తర్వాతే అసలు కథ మొదలైంది. దానికి 'సిండికేషన్' అని పేరు. పేరు చూసి భయపడకండి, వ్యాపారం మనకు తెలిసిందే. వెనకట కొత్త సినిమా ముందు తిరుపతిలో ఆడేది. ఆ తర్వాత ప్రింటు చుట్టుపక్కల చిన్న ఊళ్ళకి, చివరికి పల్లెలో టూరింగ్ టాకీసుకి వచ్చేది. ఒక్కో హాలువాడు తనకు కుదిరిన రేటుకు తెచ్చుకుని, తనకు కుదిరిన ఆట వేసుకునేవాడు. అమెరికాలో టీవీ కూడా అంతే. పెద్ద ఛానల్లో ఆడిపోయిన సీరియల్ని ఊరూరా ఉన్న చిన్న స్టేషన్లకి అమ్ముతారు. ఏ వేళకు వెయ్యాలన్నది ఆ ఊరి స్టేషన్ ఇష్టం.

చిన్న స్టేషన్ల వాళ్ళకి తమ ఊరి జనం ఎప్పుడు ఇంట్లో ఉంటారో బాగా తెలుసు. పిల్లలు స్కూలు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూచునే సాయంత్రం వేళ, పెద్ద ఛానళ్ళు వార్తలు వేసే సమయంలో, రోజూ వరసగా 'స్టార్ ట్రెక్' వేశారు. అంతే, మొదటిసారి చూడనివాళ్ళంతా ఇప్పుడు చూశారు. 1972 జనవరిలో న్యూయార్కులో అభిమానుల సభ పెడితే అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం వచ్చారు. 1979లో సినిమా వచ్చింది. 1987లో కొత్త తరం 'స్టార్ ట్రెక్' మొదలైనప్పుడు పెద్ద ఛానల్ గడప తొక్కనే లేదు. నేరుగా సిండికేషన్లోనే ఊరూరి స్టేషన్లకి అమ్ముకున్నారు. రాత్రి మిగిలిన సంగటి పొద్దున మజ్జిగలో కలుపుకుంటే రుచి పెరిగినట్టు, అవే ఎపిసోడ్లు వేళ మారేసరికి రుచి పెరిగాయి. కథలో ఒక్క మాట మారలేదు. గడియారం ముల్లు మారిందంతే.

ఇంగ్లండులో ఇదే కథ తిరగబడి జరిగింది. బీబీసీ వారి 'డాక్టర్ హూ' 1963 నవంబరు 23న, శనివారం సాయంత్రం మొదలైంది. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి అప్పుడు 27 ఏళ్ళు. బీబీసీ నాటకాల విభాగంలో నిర్మాతగా ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. మొదటి ఎపిసోడ్ తీసిన దర్శకుడు వారిస్ హుస్సేన్ మన లక్నోలో పుట్టినవాడు. ఒక అమ్మాయి, ఒక ఇండియా అబ్బాయి, వీళ్ళేం చేస్తారని పెదవి విరిచినవాళ్ళున్నారు. ముందు రోజే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది. దానికి తోడు కొన్ని ప్రాంతాల్లో కరెంటు పోయింది. అందుకని తర్వాతి శనివారం మొదటి ఎపిసోడ్ మళ్ళీ వేసి, వెంటనే రెండోది వేశారు. ఆటల కార్యక్రమానికీ పాటల కార్యక్రమానికీ మధ్య, ఇంటిల్లిపాదీ కలిసి కూచునే వేళ ఎంచుకుని పెట్టారు కాబట్టి అది కుటుంబాల్లో పాతుకుపోయింది.

తర్వాత ఏమైందంటే, 1987 నుంచి దాన్ని వారం మధ్యలో, 'కొరొనేషన్ స్ట్రీట్' అనే సీరియల్‌కి ఎదురుగా పెట్టారు. అది దేశంలో అత్తలు, కోడళ్ళు, అమ్మలు అందరూ చూసే వీధి కథ, మన డైలీ సీరియల్‌కి పెద్దమ్మ లాంటిది. ఉన్నది ఒక్క టీవీ అయితే అమ్మకీ పిల్లలకీ పోటీ పెట్టడమే కదా ఇది? 1989లో 'డాక్టర్ హూ' ఆగిపోయింది. మళ్ళీ 2005లో శనివారం సాయంత్రానికి తెస్తే మళ్ళీ నిలబడింది. ఆడవాళ్ళు సీరియళ్ళే చూస్తారు, సైన్స్ కథలు చూడరు అనే మాట ఎక్కడి నుంచి పుడుతుందో ఇప్పుడు అర్థమైందా? ముందు రెంటినీ ఒకే వేళకు పెడతారు. తర్వాత చూడండి, ఆడవాళ్ళు దీన్నే ఎంచుకున్నారు అంటారు.

ఆదివారం పన్నెండు గంటలు

ఇక మన ఇంటికి వద్దాం. 'స్టార్ ట్రెక్' 1980ల్లో మన దూరదర్శన్‌లో కూడా ఆదివారం ఉదయాల్లో వచ్చింది. 1989లో పిల్లలు, కంప్యూటర్, కాలంలో ప్రయాణం కలిపి 'ఇంద్రధనుష్' అనే హిందీ సీరియల్ వచ్చింది. ఇవి నాకంటే పెద్దవాళ్ళ జ్ఞాపకాలు. నా తరానికి 'శక్తిమాన్', 'కెప్టెన్ వ్యోమ్'.

'శక్తిమాన్' 1997 సెప్టెంబరు 13న మొదలైంది. ముందు శనివారం ఉదయం, మంగళవారం సాయంత్రం వచ్చేది. తర్వాత ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు మారింది. ఆ మార్పు వెనక ఒక లెక్కుంది. ఆ వేళ కోసం దూరదర్శన్‌కి నిర్మాతే డబ్బు కట్టాలి, ప్రకటనలతో రాబట్టుకోవాలి. హీరో, నిర్మాత అయిన ముఖేష్ ఖన్నా తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పినదాని ప్రకారం మొదట్లో ఎపిసోడ్‌కి 3.80 లక్షల రూపాయలు కట్టేవాడు. ఆదివారానికి మారాక అది 7.80 లక్షలు. ఆ పైన 10.80 లక్షలు. చివరికి 2005లో సీరియల్ ఆగిపోయింది. కథ అదే, నటులు వాళ్ళే. అరగంట ఖరీదు మాత్రం రెట్టింపు, మూడింతలు. అంటే మన ఇంట్లో ఆదివారం మధ్యాహ్నానికి బజార్లో అంత విలువుందన్నమాట!

మరి ఆ విలువైన వేళలో ఆడపిల్ల ఎక్కడుంది? మా రేణిగుంటలో ఆదివారం పన్నెండు అంటే ఏంటో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మాంసం కూర పొయ్యి మీద ఉడుకుతూ ఉంటుంది. సంగటి కెలకాలి. మసాలా నూరాలి. ఉల్లిపాయలు, కొత్తిమీర తరగాలి. పెద్దల కంచాలు కడిగి పెట్టాలి. "పాపా, ఇట్లా రా" అని అమ్మ పిలిచేది సరిగ్గా ఆ వేళకే. అన్న ముందు గదిలో టీవీ ముందు బాసీపెట్టు వేసుకుని ఉండేవాడు. నేను శక్తిమాన్‌ని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. గిర్రున తిరిగే శబ్దం వినపడితే ఆయన వచ్చాడని తెలిసేది. విలన్ నవ్వు వినపడితే రోలు దగ్గర నుంచి మెడ చాచేదాన్ని. మా వీధి చివర రైల్వే క్వార్టర్స్‌లో ఉండే హిందీ వాళ్ళ అమ్మాయి సోమవారం స్కూల్లో కథ చెబితే మిగిలింది అతుక్కునేది. ఆ అమ్మాయి కూడా చపాతీలు చేస్తూ విన్న కథే అది!

1998లో వచ్చిన 'కెప్టెన్ వ్యోమ్' కూడా ఇంతే. కేతన్ మెహతా తీసిన, మిలింద్ సోమన్ నటించిన భవిష్యత్తు కథ. అదీ ఆదివారం పొద్దునే. ఆదివారం పొద్దున అంటే తలంట్లు, బట్టల ఉతుకులు. మగపిల్లల తలంటు పది నిమిషాల్లో అయిపోతుంది. మన జడలు ఆరడానికే ఒక ఎపిసోడ్ పడుతుంది.

ఇదంతా నవ్వులాటకి చెప్పడం లేదు. పన్నెండేళ్ళ వయసులో ఒక కథ పూర్తిగా చూడటానికీ, సగం వినడానికీ చాలా తేడా ఉంది. పూర్తిగా చూసిన పిల్లవాడు మర్నాడు అట్టముక్కలతో రాకెట్ చేస్తాడు. సగం విన్న పిల్ల అది వాళ్ళ కథ అనుకుంటుంది. సైన్స్ మీద ఆసక్తి ఆకాశం నుంచి ఊడిపడదు, ఇలాంటి అరగంటల్లోనే పుడుతుంది. సైన్స్ గ్రూపులో ఆడపిల్లలు చేరరేమని తర్వాత ఆశ్చర్యపోయేవాళ్ళు, ఆ అరగంట ఎవరికి ఇచ్చామో వెనక్కి తిరిగి చూసుకోవాలి.

అలమరలో అమ్మాయి

మనదాకా వచ్చిన సైన్స్ కథల్లో ఆడపిల్ల ఎలా ఉందో కూడా చూడండి. 'స్మాల్ వండర్' గుర్తుందా? అమెరికాలో 1985 నుంచి 1989 దాకా నేరుగా సిండికేషన్లోనే నడిచిన సీరియల్. ఊరూరి స్టేషన్లకి అమ్మడం కోసమే తీసింది. 1990ల్లో హిందీ మాటలతో స్టార్ ప్లస్‌లో మన ఇళ్ళకి వచ్చింది. ఇంజినీరు నాన్న చేసిన రోబో పిల్ల విక్కీ. పనయ్యాక అలమరలో నిలబడుతుంది. చెప్పిన పని చేస్తుంది, అలసిపోదు, ఎదురు చెప్పదు. ఇరుగుపొరుగుకి మాత్రం ఇంటి ఆడపిల్ల అని చెబుతారు. 2003లో స్టార్ ప్లస్ వాళ్ళే దాన్ని 'కరిష్మా కా కరిష్మా' అని హిందీలో మళ్ళీ తీశారు. 2016లో లైఫ్ ఓకే ఛానల్ ఇంకో అడుగు ముందుకేసి 'బహూ హమారీ రజనీకాంత్' తీసింది. ఇంటి కోడలే రోబో! అత్తగారింట్లో ఎవ్వరూ ఆ తేడా కనిపెట్టలేకపోవడమే అందులో హాస్యం. నవ్వొచ్చే మాట నిజమే. నవ్విన తర్వాత కాస్త గుచ్చుకునే మాట కూడా.

కథలు ఒక భాష నుంచి ఇంకో భాషకి ప్రయాణం చెయ్యడం మనకి కొత్త కాదు. 'బాలికా వధు' మాటీవీలో 'చిన్నారి పెళ్ళికూతురు' అయింది. 'నాగిన్' తెలుగులో 'నాగిని' అయింది. పాము మనిషయ్యే కథకి తెలుగులో మంచి వేళే దొరికింది. యంత్రం మనిషయ్యే కథకి, మనిషి చంద్రుడి మీద కాపురం పెట్టే కథకి మాత్రం ఆ వేళ దొరకదు. సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఏ తెలుగు ఛానల్ తిప్పినా అత్తలు, ఆడబిడ్డలు, ఆస్తి కాగితాలు, విషం కలిపిన పాలగ్లాసులు. సినిమాల్లో అలా లేదు. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీసింది 1991లో. 2025లో దాన్ని మళ్ళీ థియేటర్లలో వేస్తే జనం వెళ్ళారు. 2024లో 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. అంటే తెలుగువాళ్ళకి రేపటి కథ పడదని కాదు. వారం వారం, ఇంట్లో, ఖర్చు లేకుండా చూసే వేళ దానికి లేదు.

లెక్కలో లేనివాళ్ళు

ఛానళ్ళ వైపు నుంచి కూడా మాట్లాడాలి, న్యాయం అది. డైలీ సీరియల్‌కి ఒక ఇల్లు సెట్ వేస్తే వెయ్యి ఎపిసోడ్లు తీసుకోవచ్చు. సైన్స్ కథకి వారానికో కొత్త లోకం చూపించాలి, గ్రాఫిక్సు కావాలి. ఆ ఖర్చు ప్రకటనల్లో రావాలి. ప్రకటనలు రావాలంటే చూసేవాళ్ళ లెక్క కావాలి. ఆ లెక్క కట్టే బార్క్ సంస్థ దేశమంతా కలిపి 50 వేల పైచిలుకు ఇళ్ళలో మీటర్లు పెట్టింది. ఆ ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బటన్. టీవీ ముందు కూచున్నవాళ్ళు తమ బటన్ నొక్కాలి. వంటింట్లోంచి వినేవాళ్ళకి బటన్ లేదు. దాంతో ఇలా ఒక చక్రం తయారవుతుంది. ఆడపిల్ల పనిలో ఉన్న వేళకు సైన్స్ కథ వేస్తారు, ఆమె లెక్కలోకి రాదు, లెక్కలో లేదు కాబట్టి ఆమెకోసం ఎవరూ తియ్యరు.

ఇంగ్లీషు సైన్స్ సీరియళ్ళు చూపించే ఛానళ్ళు కూడా ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఏఎక్స్ఎన్ మన దేశంలో 2020 జూన్ ఆఖరున ఆగింది, స్టార్ వరల్డ్ 2023లో. 2019లో ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చాక ఏ ఛానల్‌కి ఎంతో విడిగా కనపడింది. ఇంటి ఖర్చు చూసుకునే మనమే వేలు పెట్టి తీసేసినవి వాటిల్లో ఉన్నాయి. పాలు, గ్యాసు, ఫీజులు చూసుకున్నాక పిల్లలు ఎప్పుడో చూసే ఇంగ్లీషు ఛానల్ ముందు కనపడుతుంది కోతకి. తప్పేం లేదు. అయితే ఆ కోతతో పోయింది ఏమిటో తెలిసి ఉండాలి.

"ఇప్పుడు వేళతో పనేంటి, అంతా ఫోన్లో ఉంది కదా" అంటారు మా ఇంట్లో. నిజమే, సగం నిజం. నెట్‌ఫ్లిక్స్ 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' నాలుగో సీజన్ని తెలుగు మాటలతో కూడా ఇచ్చింది. భాష అడ్డం తొలగింది, చాలా సంతోషం. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు, ఇంకా సంతోషం. కానీ 'ఎప్పుడు కావాలంటే అప్పుడు' అనేది ఎవరి చేతిలో ఉంది? ఫోను ఎవరిది, రీచార్జి ఎవరు చేస్తారు, పాస్‌వర్డు ఎవరికి తెలుసు? చాలా ఇళ్ళలో పెద్ద ఫోను మగపిల్లాడిది, పాత ఫోను ఆడపిల్లది.

మా ఊరి విమానాశ్రయం దాటి ఏర్పేడు వైపు పోతే ఎలక్ట్రానిక్స్ పార్కులున్నాయి. సెల్‌ఫోన్లు, టీవీలు మన కళ్ళ ముందే తయారవుతున్నాయి. మా పక్క వీధి అమ్మాయి అట్లాంటి చోట పనికి పోతుంది. ఒకరోజు అడిగితే నవ్వింది. "పొద్దున బస్సెక్కితే మళ్ళీ చీకటి పడినాకే అక్కా ఇంటికొచ్చేది. దినమూ నా చేతిలో స్క్రీన్లే. కూచోని చూసేదానికి మాత్రం టయిం ల్యా" అంది. వేళ లేనివాళ్ళకి ఏ వేళకైనా దొరికే కథ ఉండీ ఏం లాభం? టీవీలో ఒక నిర్ణీత వేళ ఉంటే, ఆ అరగంట అందరూ కూచుంటారు కాబట్టి ఆమె కూడా కూచోగలదు. పని కాస్త ఆగుతుంది. ఇంటిల్లిపాది ఆపిన పనిలో ఆమె పని కూడా కలుస్తుంది. ఫోన్లో ఒంటరిగా చూసే కథకి ఇంట్లో ఏ పనీ ఆగదు. ఆ తేడా మగవాళ్ళకి అంత తొందరగా తెలియదు.

సాయంత్రం ఆరు దాటి నాలుగు నిమిషాలు

ఆడవాళ్ళు ఇలాంటివి చూడరనే వాళ్ళకి నా దగ్గర ఒక్క జవాబుంది. 2023 ఆగస్టు 23. చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు. సాయంత్రం ఆరు దాటి నాలుగు నిమిషాలు. ఇస్రో యూట్యూబ్‌లో ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. టీవీల ముందు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. మా వీధిలో పాలు పొంగినా ఎవరూ లేవలేదు. పూలమ్మే అవ్వ తట్ట కిందకి దించి మా గడప మీద కూచుంది, "దిగిందా, దిగిందా" అని అడుగుతూ. అంతా అయ్యాక అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కె. కల్పన మైకు ముందుకొచ్చి మాట్లాడితే, మా ఇంట్లో ఆడవాళ్ళం ఆ మాటల అర్థం కంటే ఆ గొంతునే ఎక్కువ విన్నాం.

అది సైన్సే. కట్టుకథ కంటే కష్టమైన సైన్సు. సాయంత్రం ఆరింటికి, తెలుగు వ్యాఖ్యానంతో వచ్చింది, ఇంటిల్లిపాదీ చూశారు. అదే దిగడం మధ్యాహ్నం పన్నెండుకి జరిగి ఉంటే సగం మందిమి కుక్కర్ కూతల మధ్య విని ఉండేవాళ్ళం.

పైగా మనం ఉన్న చోటు చూడండి. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మిద్దెల మీదికెక్కి తోక పొగ చూసే ఊళ్ళు మనవి. గాదంకిలో వాతావరణాన్ని పరిశోధించే జాతీయ ప్రయోగశాల ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. ఇంత సైన్సు మధ్య ఉన్న ఆడపిల్లకి ఆ లోకం తనదే అనిపించే కథ ఒకటి, తన భాషలో, తను ఖాళీగా ఉండే వేళకి రావాలని కోరడం గొంతెమ్మ కోరికేం కాదు.

మనం చెయ్యగలిగింది

1. తెలుగు ఛానళ్ళని, దూరదర్శన్ సప్తగిరిని కూడా, వారానికి ఒక్క అరగంట అడుగుదాం. రాత్రి ఏడు, ఎనిమిది మధ్య, వంట సర్దుకుని భోజనాలకి ముందు దొరికే వేళ. కొత్తది తియ్యడానికి డబ్బు లేదంటే మంచి పాత సీరియల్‌కి తెలుగు మాటలు పెట్టి వెయ్యమందాం. సద్దికీ రుచి ఉంటుందని చూశాం కదా. పెట్టాక నెలకోసారి వేళ మార్చొద్దని కూడా అప్పుడే చెబుదాం. శుక్రవారం రాత్రి పది గంటల కథ మనకి తెలుసు.

2. ఊరికే అనుకుంటే పని జరగదు. పోస్టుకార్డో, ఈమెయిలో, ఒకటి రాద్దాం. ఇంకో పదిమందితో రాయిద్దాం. డ్వాక్రా సంఘం మీటింగులో పది నిమిషాలు చాలు. సీరియల్లో కోడలికి విడాకులు ఇప్పించొద్దని ఛానల్‌కి ఫోన్లు చేసినవాళ్ళం మనమే. మన మాటకి బలం ఉందని వాళ్ళకీ తెలుసు. ఎప్పుడూ కోడలి కోసమే వాడుతున్నాం, ఈసారి కూతురి కోసం వాడదాం.

3. మూడోది ఛానళ్ళ చేతిలో లేదు. వంట వేళ కూడా ఒక షెడ్యూలే. దాన్ని తయారుచేసింది ఏ కంపెనీ కాదు, మన అత్తమ్మలు, అమ్మలు, మనం. ఆదివారం మాంసం కూర పన్నెండుకే ఉడకాలని ఏ శాస్త్రంలోనూ లేదు. ఒంటిగంటకు ఉడికినా అదే రుచి. మసాలా ముందు రోజు రాత్రే నూరి పెట్టుకోవచ్చు. ఉల్లిపాయలు అబ్బోడు తరగవచ్చు, కళ్ళు మండేది అందరికీ ఒకటే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో దూరదర్శన్ 'శక్తిమాన్'ని మళ్ళీ వేసింది, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి. ఇంట్లో అందరూ ఉన్నారు, ఎవరికీ ఎక్కడికీ పోయే పని లేదు. అప్పుడు కూడా ఎన్ని ఇళ్ళలో అబ్బాయిలు చూస్తుంటే అమ్మాయిలు వడ్డించారో మీరే గుర్తు చేసుకోండి. ఛానల్ వేళ మార్చినా ఇంటి వేళ మారకపోతే ఫలితం అంతే.

ఉత్తరాలు రాద్దాం, తప్పకుండా రాద్దాం. వాటికి జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. ఈ లోపల వచ్చే ఆదివారం పన్నెండు గంటలకి టీవీ ముందు ఎవరున్నారో, మిక్సీ దగ్గర ఎవరున్నారో ఒకసారి మీ ఇంట్లో చూడండి. మిక్సీ దగ్గర ఉన్నది మీ పాప అయితే, ఆ స్విచ్చి ఒక్క అరగంట ఆపెయ్యండి.